వీసెడు నేరం

పూర్వం తామ్రపురిని జయకేతన మహారాజు ఏలే రోజుల్లో, తెల్లవారుతోందంటే చాలు, ఆ కోటలో అందరికీ గుండెదడ మొదలయ్యేది. శత్రువులు దండెత్తి వస్తారని కాదు. రాజుగారు త్రాసు ఎక్కుతారని.

జయకేతనుడు స్వతహాగా చెడ్డవాడు కాడు. కాకపోతే ఆయనకు అన్నీ ఘనంగా ఉండాలి. మాట ఘనం, మీసం ఘనం, భోజనం మరీ ఘనం. నేతిలో తేలే బూరెలు, గడ్డపెరుగు, పాలకోవాలు ఒకదాని వెనక ఒకటి పళ్లెంలోకి వస్తూనే ఉండేవి. ఒకనాడు పొరుగు రాజ్యపు రాయబారులకు తన సైన్యాన్ని చూపిద్దామని కోటబురుజు ఎక్కబోయి, సగం మెట్ల దగ్గర ఆగిపోయాడు. పైకి వెళ్లడానికి ఊపిరి లేదు, కిందికి దిగడానికి ఓపిక లేదు. చివరికి బోయీలు కుర్చీలో కూర్చోబెట్టి దింపారు. రాయబారులు నవ్వలేదు. నవ్వకుండా ఉండడానికి వాళ్లు పడ్డ అవస్థే రాజుగారి మనసును ఎక్కువ కోసేసింది.

ఆ సాయంత్రమే ఆయన ఒళ్లు తగ్గించి తీరతానని శపథం పట్టాడు. ఆస్థాన వైద్యుణ్ణి పిలిపించాడు. నెయ్యీ మీగడా మానేసి జొన్నగటక, ఆకుకూర పప్పు, వెన్న తీసిన మజ్జిగ పుచ్చుకోమనీ, పొద్దున్నే గరిడీకి వెళ్లి సాము చెయ్యమనీ వైద్యుడు చెప్పాడు.

"పక్షానికొకసారి తూచుకుంటే చాలు ప్రభూ" అని కూడా అన్నాడు.

"పక్షం దాకా ఆగడానికి నేనేమైనా సామాన్యుణ్ణా?" అన్నాడు రాజు.

సుంకం కొట్టులో పత్తిబేళ్లు తూచే పెద్ద త్రాసును తెప్పించి, సభామండపం దూలానికి ఇనుపగొలుసులతో వేలాడదీయించాడు. ఒక పళ్లెంలో మఖమల్ పరుపు వేయించాడు. తొలిరోజు తూస్తే పదకొండు మణుగులు తూగాడు.

అది మొదలు ప్రతి ఉదయం సభ తీరగానే రాజుగారు త్రాసెక్కడం, రెండో పళ్లెంలో రాళ్లు పెట్టడం, ముల్లు ఎటు వాలుతుందోనని అందరూ బిక్కచచ్చి చూడడం. తూకం తగ్గిన రోజు రాజు మెడలో హారం తీసి పక్కనున్న వింజామర వాడికి వేసేవాడు. పెరిగిన రోజు ఆ పక్కనున్నవాడి గతి అంతే. ఒకసారి పెరిగినప్పుడు నేతికొట్టు పెత్తందారును ఉద్యోగం నుంచి తీసేశారు. ఇంకోసారి గరిడీ గురువును చెరలో పెట్టారు. "ఒంట్లో నీళ్ల పాళ్లు పూటకోలా ఉంటాయి ప్రభూ, ముల్లు ఊగడం సహజం" అని వైద్యుడు ఒకసారి చెప్పబోతే, రాజు చూసిన చూపుకి ఆయన మర్నాడే కాశీయాత్ర పెట్టుకున్నాడు.

దీనికంతటికీ వత్తాసు పలికేవాడు నరహరి భట్టు. ఆయన ధర్మాధికారి. శాస్త్రాలు నాలుక చివర ఉండేవి. వాటిలో ఏది ఎప్పుడు తీయాలో రాజుగారి ముఖం చూసి నిర్ణయించేవాడు. "త్రాసుముల్లు ధర్మదేవత నాలుక మహారాజా! అది అబద్ధమాడదు. తూకం పెరిగిందంటే ఎక్కడో ద్రోహం జరిగిందన్నమాటే" అనేవాడు.

ఆ సభలోనే తిప్పన అనే చమత్కారి ఒకడుండేవాడు. రాజుగారిని నవ్వించడం అతని కొలువు. త్రాసు వచ్చాక ఈ మూడు నెలల్లో అతను చెప్పిన ఏ మాటకీ రాజు పెదవి కదల్లేదు. వంటశాల పెద్ద కాచన ఈ తిప్పనకు స్వయానా బావ, అక్క నాగమ్మ భర్త.

వైశాఖం వచ్చింది. ఒక ఉదయం రాజుగారి తూకం పది మణుగులకు వీసె తక్కువ తేలింది. వీసె అంటే మణుగులో ఎనిమిదో వంతు. జయకేతనుడు పొంగిపోయాడు. రెండంకెల మణుగుల్లోంచి బయటపడ్డానని ఊరంతా డప్పు వేయించాడు. గుళ్లలో పూజలు చేయించాడు. ఆ మర్నాడు అమ్మవారి రథోత్సవం గనక సభా లేదు, తూకమూ లేదు. ఆ మరుసటి ఉదయం మామూలుగా త్రాసెక్కాడు.

ముల్లు నిలిచాక తూచేవాడు వంగి రాళ్లు మళ్లీ లెక్కపెట్టాడు.

"చెప్పు" అన్నాడు రాజు.

"పది మణుగులు ప్రభూ."

"మళ్లీ చూడు."

"రెండుసార్లు చూశాను ప్రభూ. డప్పు వేయించిన నాటి మీద వీసె ఎక్కువ."

రాజు ముఖం ముందు పాలిపోయింది, తరవాత కందగడ్డలా అయింది. కాచనను పిలుచుకురమ్మన్నాడు. కాచన వచ్చేసరికి అతని చేతులకు పెసరపిండి ఇంకా అంటుకునే ఉంది.

"నిన్న నాకేం పెట్టావు?"

"రోజూ పెట్టేదే ప్రభూ. గటక, తోటకూర పప్పు, మజ్జిగ. ఉత్సవం గనక ప్రసాదం పులిహోర పిడికెడు. ఏలినవారు ఊరగాయ అడిగారు, అదీ వేశాను."

"పిడికెడు పులిహోర వీసె బరువుంటుందా?"

"ఉండదు ప్రభూ."

"ఊరగాయ ఉంటుందా?"

"ఉండదు."

"మరి ఆ వీసె ఎక్కణ్ణుంచి వచ్చింది?"

కాచన పిండి చేతులు పంచెకు తుడుచుకుంటూ నిలబడ్డాడు.

నరహరి భట్టు లేచాడు. "ఇంకెక్కణ్ణుంచి మహారాజా? గటకలో రహస్యంగా నెయ్యి కలిపి ఉంటాడు. ఏలినవారు తేలికపడితే కన్నుకుట్టే పొరుగు రాజులు లేరా? అన్నంలో ద్రోహం చేసినవాడికి కుడిచెయ్యి తీసేయాలని శాస్త్రం."

చెయ్యి అనగానే రాజు ఒక్క క్షణం తడబడ్డాడు. త్రాసుకు దగ్గరగా నిలుచున్న తిప్పన ఆ తడబాటు చూశాడు. కానీ సభ సభంతా రాజుగారి వైపే చూస్తోంది. డప్పు మోగి రెండు రోజులు కూడా కాలేదు.

"అలాగే కానివ్వండి" అన్నాడు రాజు, గొంతు పెంచి. "రేపు మిట్టమధ్యాహ్నం. ఈ శిక్షకు ఎవరు అడ్డుపడ్డా వాళ్లకూ ఇదే శిక్ష!"

తిప్పన తెరిచిన నోరు మూసుకున్నాడు.

అతను ఇల్లు చేరేసరికి నాగమ్మ అరుగు మీదే కూర్చుని ఉంది. ఏడవడం అప్పటికే అయిపోయింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"మీ బావకు శిక్ష వేసినప్పుడు నువ్వా సభలో ఉన్నావా, లేవా?"

"ఉన్నానక్కా."

"నోరు లేదా నీకు? ఆ నోటితోనే కదా బతుకుతున్నావు?"

తిప్పన కండువా భుజాన వేసుకుని వచ్చినదారినే చెరసాలకు నడిచాడు.

కాచన ఒక మూల గోడకు ఆనుకుని ఎడమచేత్తో గాలిలో ఏదో కలియతిప్పుతున్నాడు. తిప్పనను చూసి సిగ్గుపడి ఆపేశాడు.

"ఎడంచేత్తో గటక కలపడం వస్తుందేమోనని చూస్తున్నానురా" అన్నాడు. "పర్లేదు, కొన్నాళ్లకు వస్తుందనుకుంటా."

తిప్పన అతని పక్కనే కింద కూర్చున్నాడు.

"బావా, దాచకుండా చెప్పు. నెయ్యి కలిపావా?"

"నీ మీద ఒట్టు, లేదు."

"డప్పు వేయించిన రోజు రాజుగారు త్రాసెక్కేముందు ఏం చేశారు?"

"గరిడీలో ఉన్నారు. ఎండెక్కేదాకా సాము చేశారు. చెమట కాలవలు కట్టింది. నేను మజ్జిగ తీసుకెళితే, తూకం అయ్యాక తాగుతానన్నారు."

"మరి ఇవాళ?"

"ఇవాళ గరిడీకే పోలేదుగా. ఉత్సవం అలసట. పైగా ఆ ఊరగాయ తిన్న దగ్గర్నుంచీ ఒకటే దాహమట. కూజాలు కూజాలు నీళ్లు తాగారని పడకగది నౌకరు చెప్పాడు."

వైద్యుడు చెప్పబోయి ఆపేసిన మాట తిప్పనకు ఇప్పుడు పూర్తిగా అర్థమైంది. అర్థమైతే ఏం లాభం? రాజుగారికి ఆ మాట ఇంకొకరు చెబితే చెవికెక్కదు. పైగా సభలో అన్నమాట ఆయన వెనక్కి తీసుకోడు. ఆ మాట తప్పని ఆయనకు ఆయనే అనుకోవాలి. అదీ అందరి ముందూ, పరువు పోకుండా.

లేచి బావ కుడిచేతిని ఒకసారి పట్టుకుని వదిలాడు.

"రేపు నీ చేతికి నా చెయ్యి అడ్డం పెడుతున్నాను."

"అదేం మాటరా! మీ అక్కకు ఎవరు దిక్కు?" అని కాచన వెనకనుంచి కేకేస్తూనే ఉన్నాడు.

మర్నాడు ఉదయం తూకం అయింది. మళ్లీ పది మణుగులే. రాజు ముఖం మాడ్చుకుని సింహాసనం ఎక్కాడు. కాచనను సంకెళ్లతో తెచ్చి నిలబెట్టారు. ఒక మూల తలారి కత్తి నూరుతున్నాడు. ఆ చప్పుడు మండపమంతా వినిపిస్తోంది.

తిప్పన ముందుకు వచ్చి వంగి నమస్కరించాడు.

"శిక్షకు అడ్డుపడుతున్నావా?" అన్నాడు రాజు, కనుబొమలు ముడిచి.

"ఎంతమాట ప్రభూ! శిక్ష పడవలసిందే. నాకొక్కటే సందేహం. దొంగను శిక్షించేముందు దొంగసొమ్ము రాబట్టడం మన రాజ్యంలో ఆనవాయితీ కదా?"

"అయితే?"

"ఈ కాచన ఏలినవారి ఒంట్లో దొంగతనంగా దాచిన వీసె ఇంకా అక్కడే ఉంది. ఇవాళ్టి తూకమే సాక్ష్యం. అది రాబట్టకుండా చెయ్యి నరికితే లోకం ఏమంటుంది? దొంగ చెయ్యి పోయింది గానీ సొమ్ము రాజుగారి దగ్గరే ఉండిపోయిందంటుంది."

రాజు ముందుకు వంగాడు. "దాన్ని రాబట్టడం నీకు తెలుసా?"

"తెలుసు. ఎండ నడినెత్తికి వచ్చేలోగా ఆ వీసె తీయిస్తాను. తీయించలేకపోతే కాచన చేతితోపాటు నాదీ తీయించండి."

సభ గుసగుసలాడింది. నరహరి భట్టు పెదవి విరిచాడు. "ఏమయ్యా తిప్పనా, ఇది నవ్వులాట కాదు."

"కత్తి నూరుతుంటే నవ్వులాటకు నోరెలా వస్తుంది భట్టుగారూ?" అన్నాడు తిప్పన. నిజానికి అతని నోరు అప్పటికే ఎండిపోయి ఉంది. "ప్రభూ, రెండు నియమాలు. ఆ వీసె బయటికొచ్చేదాకా ఏలినవారు మంచినీళ్లు కూడా ముట్టకూడదు. రెండోది, నేను తీయించిన వీసెను మళ్లీ ఎవడైనా ద్రోహి లోపల పెడితే ఏం గతి? అందుకని ఇవాళ ఏలినవారి తూకం పెంచినవాడు ఎవడైనా సరే, కాచన నేరమే వాడి నేరం, కాచన శిక్షే వాడి శిక్ష అని ఇప్పుడే శాసించాలి."

"భేష్!" అన్నాడు రాజు. "భట్టుగారూ, శాసనం చదవండి."

నరహరి భట్టు ఉత్తరీయం సర్దుకుని, "రాజబంధువైనా, పండితుడైనా, పామరుడైనా, ప్రభువుల తూకం పెంచినవాడు అన్నద్రోహియే! కాచన శిక్షే వాడి శిక్ష!" అని మండపం అదిరేలా చాటాడు.

తిప్పన రాజుగారిని తిన్నగా గరిడీకి తీసుకుపోయాడు. వైశాఖపు ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. రాజుగారి మీద గొర్రెబొచ్చు గొంగడి కప్పించాడు. గుంజీళ్లు తీయించాడు. గద తిప్పించాడు. గరిడీ చుట్టూ పరుగెత్తించాడు. సభికులందరూ నీడలో కూర్చుని చూస్తుంటే, తిప్పన మాత్రం నెత్తిన గుడ్డయినా లేకుండా రాజుగారి పక్కనే ఎండలో నిలబడ్డాడు.

చెమట రాజుగారి నుదుటి మీదినుంచి మీసాల మీదుగా ధారగా కారుతోంది. గొంగడి కింద పంచె ఒంటికి అతుక్కుపోయింది. కాసేపటికి రాజు అడుగు తూలాడు. ఈయనకేమైనా అయితే ఇక పోయేది చెయ్యి కాదు, తల. తిప్పన గబగబా గొంగడి తీసేసి నీడకు తెచ్చి కూర్చోబెట్టి, కండువాతో తనే విసిరాడు.

రాజు ఊపిరి కుదుటపడ్డాక అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"తిప్పనా, ఆ కాచన చేతివంట పదేళ్లుగా తింటున్నానురా."

"చిత్తం."

"ఒకసారి నాకు జ్వరమొస్తే, జావ పట్టుకుని తలుపు దగ్గరే కూర్చున్నాడు." కాసేపు ఆగాడు. "కానీ నలుగురిలో అనేశాను."

తిప్పనకు ఒక్కసారిగా ప్రాణం లేచివచ్చింది. కానీ ఏమీ అనలేదు. అంటే రాజు మళ్లీ రాజైపోతాడని అతనికి తెలుసు.

"ఓపికుంటే ఇంకొక్క చుట్టు నడుద్దామా ప్రభూ?" అని మాత్రం అన్నాడు. ఇద్దరూ పక్కపక్కన నడిచారు.

ఎండ నడినెత్తికి రాబోతుండగా అందరూ మండపానికి చేరారు. రాజు త్రాసెక్కాడు. రెండో పళ్లెంలో పది మణుగులకు వీసె తగ్గించి రాళ్లు పెట్టారు. పళ్లేలు ఊగాయి. ముల్లు ఊగింది. నెమ్మదిగా నిలిచింది.

రాజుగారి వైపే వాలి ఉంది. పెద్ద వాలు కాదు. చూపుడువేలి మందం.

"పావు వీసె మిగిలిపోయింది ప్రభూ" అన్నాడు తూచేవాడు.

నరహరి భట్టు చిరునవ్వు నవ్వాడు. "ధర్మదేవత తీర్పు వినిపించింది. తలారీ, ఇద్దరు."

సంకెళ్ల చప్పుడైంది. కాచన తల తిప్పుకున్నాడు. ఎక్కడ లెక్క తప్పింది? అంత చెమట పోయింది కదా, ఎక్కడికి పోయింది? తిప్పన తలెత్తి రాజుగారిని ఎగాదిగా చూశాడు. పంచె అంచు నుంచి ఒక్కొక్క చుక్కే పరుపు మీద పడుతోంది.

"ఆగండి!" అని అరిచాడు. "తూచవలసింది ప్రభువులనా, ప్రభువుల బట్టలనా?"

"అదేం ప్రశ్న?" అన్నాడు భట్టు.

"పొద్దున పొడిబట్టలతో తూచారు. ఇప్పుడు తడిబట్టలతో తూస్తున్నారు. అలాంటిదే పొడి పంచె, అలాంటిదే పొడి ఉత్తరీయం తెప్పించండి ప్రభూ."

"కుదరదు! బట్ట మారిస్తే తూకం చెల్లదు!"

"తెప్పించండి" అన్నాడు రాజు. ఆ వీసె పోవాలని ఆయనకు తిప్పనకంటే ఎక్కువ ఆశగా ఉంది.

బట్టలు మార్చుకుని వచ్చి రాజు మళ్లీ త్రాసెక్కాడు. విడిచిన పంచెను తిప్పన రెండు చేతులా పిండితే సభామధ్యంలో చిన్న మడుగు కట్టింది. ఇటు ముల్లు ఊగింది, ఊగింది, సరిగ్గా నడిమధ్యన నిలిచింది.

"పది మణుగులకు వీసె తక్కువ!" అని తూచేవాడు కేకేశాడు.

"పోయింది! నా వీసె పోయింది!" అని రాజు చిన్నపిల్లవాడిలా చప్పట్లు కొట్టాడు. వెంటనే గొంతు పట్టుకున్నాడు. "అబ్బ... నాలుక పిడచకట్టుకుపోతోంది. నీళ్లు!"

నౌకర్లెవరూ కదల్లేదు. ఉదయం చాటిన శాసనం వాళ్లకు బాగా గుర్తుంది. నరహరి భట్టు మాత్రం రాజుగారి సంతోషంలో వాటా పోతుందేమోనని ఒక్క గెంతులో వెళ్లి, వెండి చెంబు నింపి స్వయంగా అందించాడు. రాజు గటగటా తాగాడు. భట్టు మళ్లీ నింపి ఇచ్చాడు. అదీ తాగి, మీసాలు తుడుచుకుని, "హమ్మయ్య" అన్నాడు రాజు.

"ప్రభూ" అన్నాడు తిప్పన, "శుభమా అంటూ వీసె పోయింది. ఒక్కసారి మళ్లీ చూసుకుంటే బాగుంటుంది."

రాజు హుషారుగా త్రాసెక్కాడు. ఆయన పళ్లెం మెల్లగా కిందికి దిగింది. అలాగే ఉండిపోయింది.

తూచేవాడు ఒక వీసె రాయి పెట్టాడు. ముల్లు నిలువుగా నిలిచింది.

"పది... పది మణుగులు ప్రభూ."

"ద్రోహి దొరికాడు" అన్నాడు తిప్పన. "చేతిలో చెంబుతో సహా."

అందరి చూపులూ నరహరి భట్టు మీద పడ్డాయి. ఆయన చేతిలో చెంబు జారి నేలమీద పడి దొర్లింది.

"అవి... అవి ఉత్త నీళ్లు మహారాజా! నెయ్యి కాదు, నూనె కాదు! నీళ్లు తాగితే బరువు పెరగదా? అందులో నా ద్రోహం ఏముంది?"

"ఆ ముక్కే ఆనాడు వైద్యుడు చెప్పబోయాడు" అన్నాడు తిప్పన. "వినేవాళ్లు లేక కాశీకి పోయాడు. ఉప్పు తిన్న రోజు నీళ్లు ఒంట్లో నిలుస్తాయి, చెమట పట్టిన రోజు పోతాయి. కాచన పెట్టిన వీసె, భట్టుగారు పెట్టిన వీసె, రెండూ ఒకే బావివి."

రాజు త్రాసు పళ్లెంలోనే నిలబడ్డాడు. ముఖం మారిపోయింది.

"అంటే పొద్దుట్నుంచీ నన్ను ఎండలో ఎండబెట్టి నువ్వు తీయించింది చెమటేనా?"

"చెమటే ప్రభూ."

"కొవ్వు కాదా?"

"కాదు ప్రభూ."

"నేను ఊరంతా డప్పు వేయించుకున్న వీసె?"

తిప్పన తల వంచాడు. "అదీ చాలామటుకు చెమటే."

రాజు చెయ్యి పక్కనున్న భటుడి కత్తిపిడి మీదికి పోయింది. భటులు సర్దుకుని నిలబడ్డారు. అయిపోయింది అనుకున్నాడు తిప్పన. తన తెలివి ఒక్క మెట్టు ఎక్కువ ఎక్కింది. కానీ రాజు కత్తి దూయలేదు. ఆయన భుజాలు కుంగిపోయాయి.

"అయితే మూడు నెలలుగా ఆ గటక తిన్నదీ, ఆ గుంజీళ్లు తీసిందీ అంతా వట్టిదేనా?" అన్నాడు. ఆ గొంతులో రాజు లేడు. మెట్లమీద సగంలో నిలిచిపోయిన ఒక అలసిన మనిషి ఉన్నాడు.

"ప్రభూ, కాస్త కూర్చోండి" అన్నాడు తిప్పన మెత్తగా. తూచేవాడి వైపు తిరిగాడు. "తొలిరోజు తూకానికి పెట్టి, ఆ తరవాత పక్కన పారేసిన మణుగు రాయి ఎక్కడుంది? పట్టుకురండి."

ఒక భటుడు ఆ బండరాయిని రెండు చేతులా పొట్టకు హత్తుకుని మోసుకొచ్చాడు. రాళ్ల పళ్లెంలో దింపీ దింపగానే గొలుసులు ఘల్లుమన్నాయి. ఆ పళ్లెం దభీమని నేలకు తగిలింది. రాజుగారు కూర్చున్న పళ్లెం గాలిలోకి లేచింది. ఆయన గొలుసులు రెండూ పట్టుకుని, కాళ్లు కిందికి వేలాడేసుకుని ఉయ్యాలలా ఊగసాగాడు.

"చూశారా ప్రభూ" అన్నాడు తిప్పన తలెత్తి. "ఆ భటుడు రెండు చేతులా మోసిన రాయిని మూడు నెలల క్రితం ఏలినవారు పగలూ రాత్రీ ఒంటిమీద మోసేవారు. ఇది నీళ్లు కాదు. ఏ చెంబూ దీన్ని వెనక్కి తేలేదు. ముల్లు పూటపూటకీ అటూ ఇటూ ఊగుతుంది. దాని వెంట మనుషుల్ని ఊగించకండి."

రాజు కింద ఉన్న బండను చూశాడు. తన కాళ్లకూ నేలకూ ఉన్న ఎడం చూశాడు. పొట్ట కదిలింది, భుజాలు కదిలాయి, చివరికి మండపం ప్రతిధ్వనించేలా పకపకా నవ్వాడు. ఆ నవ్వుకు పళ్లెం మరింత ఊగింది.

"దింపండిరా! కళ్లు తిరుగుతున్నాయి!"

"తీర్పు అక్కణ్ణుంచే చెప్పండి ప్రభూ" అన్నాడు తిప్పన. "ఇంత తేలికైన రాజు ఇంతవరకు ఏ దేశంలోనూ తీర్పు చెప్పి ఉండడు."

రాజు నవ్వు ఆపుకుంటూ గొంతు సవరించుకున్నాడు. "సరే వినండి. భట్టుగారు చాటిన శాసనం ప్రకారం ఆయన శిక్షా, కాచన శిక్షా ఒకటే. భట్టుగారి చెయ్యి తీయడం నాకిష్టం లేదు. కాబట్టి కాచన చెయ్యీ తీయడానికి వీల్లేదు. ఇద్దరికీ విడుదల! గరిడీ గురువునూ విడవండి. నేతికొట్టు పెత్తందారును మళ్లీ పనిలోకి పిలవండి. ఇకమీదట తూకం పక్షానికొక్కసారే. భట్టుగారు రేపట్నుంచి నాతో గరిడీకి వచ్చి గుంజీళ్లు తీస్తారు. ధర్మదేవతకు ఆయన చెమట కూడా కాస్త చూపిద్దాం."

సంకెళ్లు తీస్తుంటే కాచన నిలబడలేక కూలబడ్డాడు. రాజు త్రాసు దిగి తనే దగ్గరకు వెళ్లి అతని కుడిచెయ్యి పట్టుకుని లేపాడు. క్షమించమన్న మాట ఆయన నోట రాలేదు. పట్టుకున్న చేతిని మాత్రం చాలాసేపు వదల్లేదు.

"రేపు ఈ చేత్తోనే గటక పెట్టు" అన్నాడు.

"పెడతాను ప్రభూ" అన్నాడు కాచన, కళ్లు తుడుచుకుంటూ. "ఊరగాయ మాత్రం అడక్కండి."

రాజు మళ్లీ నవ్వాడు. తిప్పన వైపు తిరిగి, "నన్ను ఎండబెట్టి, ఏడిపించి, గాలిలో వేలాడదీసినవాడివి నువ్వొక్కడివే. నీకు సరైన బహుమానం ఇదే త్రాసులో ఇవ్వాలి. నీ ఎత్తు వెండి! ఎక్కు" అన్నాడు.

తిప్పన బక్కపలుచని మనిషి. పైగా తెల్లవారినప్పటి నుంచీ గుక్కెడు నీళ్లయినా తాగకుండా రాజుగారితో సమానంగా ఎండలో ఎండినవాడు. త్రాసు దాకా నడిచి, పళ్లెంలో ఒక కాలు పెట్టి, ఏదో తట్టినట్టు ఆగిపోయాడు. కాలు వెనక్కి తీసుకున్నాడు. నేలమీద దొర్లుతున్న వెండి చెంబును తీసి, కడిగి, నిండా నీళ్లు ముంచుకుని గటగటా తాగాడు. మళ్లీ ముంచుకున్నాడు. అదీ తాగాడు.

రాజు కాసేపు వింతగా చూశాడు. తరవాత సంగతి అర్థమై, కడుపు పట్టుకుని నవ్వుతూ సింహాసనం మీద కూలబడ్డాడు.

"భట్టుగారూ!" అన్నాడు, నవ్వు మధ్యలో ఊపిరి అందక. "చూస్తారేమిటి? ఇంకో చెంబు అందించండి!"